తల వెనక గీత

తార్నాక,
మే 8, 2022.

అక్కా,

నెత్తి ఒక్కటి తప్ప మిగతాదంతా క్షేమమే. ఫోనుండగా ఈ ఉత్తరమేమిటని నవ్వుకుంటావు. నా గదిలో ఇద్దరు రీసెర్చి స్కాలర్లుంటారు, నేను ఫోనెత్తితే చదువు ఆపి మరీ వింటారు. నీ ఫోనేమో ఎప్పుడూ పిల్లల చేతుల్లోనే ఉంటుంది. ఈ సంగతి నీకు తప్ప ఎవరికీ తెలియకూడదు, బావకు కూడా. జవాబు రాస్తే నా డిపార్ట్‌మెంటు అడ్రసుకే రాయి.

కాచిగూడ సంబంధం కూడా పోయింది. జాతకాలు కుదరలేదని కబురు పంపారట. అసలు సంగతి నాకు తెలుసు. పెళ్ళిచూపులకు వెళ్తే ఆ అమ్మాయి మేనత్త నన్ను ఎగాదిగా చూసి, అబ్బాయి ఇంకా రాలేదా అని అడిగింది. నేనే అబ్బాయినని మధ్యవర్తి చెప్పవలసి వచ్చింది. నాకు ముప్పై మూడేళ్ళక్కా. ఆ రోజు ఆ ఇంట్లో ఉప్మా ఎలా మింగానో నాకే తెలియదు.

ఇక క్యాంపస్‌లో సరేసరి. నేను క్లాసులోకి రాగానే వెనక బెంచీ వాళ్ళు వెలుతురు కొడుతోందని కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుంటారు. నేను బోర్డు మీద నదులు గీస్తూ ఉంటాను, వాళ్ళు నా నడినెత్తిని చూస్తూ ఉంటారు.

అందుకే ఆపరేషన్ చేయించుకుంటున్నాను. తార్నాక చౌరస్తాలో ఒక డాక్టరున్నాడు. ఎవరి వెంట్రుకలో తెచ్చి అంటిస్తారనుకునేవు, అదేం కాదు. బట్టతల వాళ్ళకు కూడా తల వెనక, చెవుల మీద జుట్టు ఊడదు. ఆ జుట్టునే కుదుళ్ళతో తీసి ముందర నాటుతారు. తీయడంలో రెండు పద్ధతులున్నాయి. ఒకటి, తలంతా గొరిగి సన్నటి సూదిలాంటి దానితో ఒక్కొక్క కుదురూ పెకలించడం. రెండోది, తల వెనక ఈ చెవి నుంచి ఆ చెవి దాకా వేలెడు వెడల్పున చర్మం పేలికలా కోసి తీసి, అక్కడ కుట్లు వేసి, ఆ పేలికను విడదీసి నాటడం. మొదటిదాంట్లో గుండుతో తిరగాలి, క్యాంపస్ అంతా కనిపెట్టేస్తుంది. రెండోదాంట్లో తల గొరగనక్కరలేదు. కుట్లను చుట్టూ ఉన్న జుట్టే కప్పేస్తుంది. డాక్టరు రెండూ విడమరిచి చెప్పాడు, నేనే రెండోది చాలన్నాను. నాకు కావలసింది జుట్టు ఒక్కటే కాదు, అది నాకు మొదటి నుంచీ ఉన్నదేనని జనం అనుకోవడం.

వద్దని మాత్రం రాయకు.

నీ తమ్ముడు,
భూపాల్


జనగామ,
మే 17, 2022.

చిరంజీవి తమ్ముడికి,

నీ ఉత్తరం స్టాఫ్‌రూములో విప్పాను. పేలిక దగ్గరకు వచ్చేసరికి టిఫిన్ డబ్బా మూత పెట్టేసి నీళ్ళు తాగి కూర్చున్నాను. చెప్పులు కుట్టేవాళ్ళు తోలు కోసినట్టు మనిషి నెత్తి కోస్తారా? అందుకు నువ్వు సంబరపడుతూ వెళ్తావా?

ఆ మేనత్తకు కళ్ళజోడు కొనిపెట్టమని నా తరఫున చెప్పు. నీ ముఖానికేం తక్కువ? అమ్మ పోలిక. జుట్టు విషయంలోనే మన మేనమామల పోలిక వచ్చింది. నాయినను చూడు, డెబ్బై దాటినా దువ్వెన విరిగేంత జుట్టు. ఆదివారం ఆదివారం ఎంకన్న వచ్చి గడ్డం గీసి తల కత్తిరించి, ఇంత జుట్టు ఊళ్ళో ఎవరికీ లేదని పొగిడిపోతాడు. ఆ పొగడ్త కోసమే నాయిన వారం వారం పిలిపిస్తున్నాడని నా అనుమానం.

వద్దని రాయనులే. రాసినా నువ్వు వినవు. ఒక్కటి అడుగుతాను. నాటిన జుట్టు మామూలు జుట్టులాగే ఉంటుందా? కత్తిరిస్తే మళ్ళీ వస్తుందా? అటూ ఇటూ కాకుండా పోతే ఏం చేస్తావు? పెద్ద పిల్లాడికి లెక్కలు తలకెక్కడం లేదు, నాకేమో కూలరు మోటారు కాలిపోయి మూడు రోజులైంది. బావకు ఈ సంగతి తెలియనివ్వను.

నొప్పెడితే ఫోన్ చెయ్యి. ఏమీ చెప్పకపోయినా పర్వాలేదు, ఊరికే చెయ్యి.

నీ అక్క,
భాగ్య


ఉస్మానియా క్యాంపస్,
డిసెంబర్ 11, 2022.

అక్కా,

ఇన్నాళ్ళూ రాయలేదని తిట్టుకుని ఉంటావు. రాయడానికి ఏమీ లేక రాయలేదు, ఇప్పుడు ఉంది.

ఆపరేషన్ వేసవి సెలవుల్లోనే అయిపోయింది. మత్తు తలకే ఇచ్చారు, నేను మెలకువగానే ఉన్నాను. పొద్దున బోర్లా పడుకోబెట్టారు, నాటడం అయ్యేసరికి సాయంత్రమైంది. వెనక కోస్తుంటే నొప్పి లేదు గానీ చప్పుడు వినిపించింది. ఆ చప్పుడు గురించి నీకు రాయను. తర్వాత ముఖమంతా వాచి కళ్ళు మూసుకుపోయాయి. బైక్ మీంచి పడ్డానని గదిలో వాళ్ళకు చెప్పాను, పాపం గంజి కాచి పెట్టారు. నాలుగో వారంలో నాటిన వెంట్రుకలన్నీ దిండు మీద రాలిపోయాయి. ముందు రాలి తర్వాత మొలుస్తాయని డాక్టరు చెబుతూనే ఉన్నాడు, నేను నమ్మలేదు. స్నానాల గదిలో నల్లా తిప్పి ఏడ్చాను.

అక్టోబర్ నుంచి మొలుస్తున్నాయి. మొన్న మంగళవారం ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద నిలబడితే గాలికి జుట్టు కదిలింది. ఎన్నేళ్ళయిందో తెలుసా? నువ్వడిగినదానికి జవాబు, ఇది అచ్చం మామూలు జుట్టే. కత్తిరించుకోవచ్చు, దువ్వుకోవచ్చు, నూనె రాసుకోవచ్చు. తీసేస్తే మళ్ళీ వస్తుంది.

ఇంకో సంగతి. ధరణి అని, రామంతాపూర్ అమ్మాయి. వాళ్ళది రాజమండ్రి వైపు, నాన్న పార్థసారథి గారు బ్యాంకులో చేసి రిటైరయ్యారు. అమ్మాయి మా క్యాంపస్ లైబ్రరీలో పనిచేస్తోంది. దసరా సెలవుల తర్వాతే చేరింది కాబట్టి నన్ను పాత నెత్తితో చూడలేదు. వాళ్ళింట్లో ఒప్పుకునేలా ఉన్నారు. నాయినకు నువ్వే మెల్లగా చెప్పాలి.

భూపాల్


జనగామ,
జనవరి 3, 2023.

తమ్మీ,

నాయినకు చెప్పాను. అమ్మాయి అన్నం వండుతదా అని ఒక్క ప్రశ్న అడిగి ఊరుకున్నాడు. అంటే ఒప్పుకున్నట్టే.

ఫోటో చూశాను, ధరణి కళ్ళు నాకు నచ్చాయి. అందుకే చెబుతున్నాను, ఆపరేషన్ సంగతి పెళ్ళికి ముందే ఆ పిల్లకు చెప్పెయ్యి. తప్పు పనేం చేశావని? పళ్ళు కట్టించుకున్న వాళ్ళు లేరా? చెప్పకుండా ఉంటే మాత్రం రోజూ కాపలా కాసుకోవాలి. ఆమె లోకువగా చూస్తే అప్పుడే తెలిసిపోతుంది, మంచిదే కదా. నువ్వు చెప్పలేకపోతే చెప్పు, నేనొచ్చి మాట్లాడతాను.

అక్క


తార్నాక,
జనవరి 10, 2023.

అక్కా,

నువ్వు రావద్దు, మాట్లాడవద్దు. కాచిగూడలో ఆ ముసలమ్మ అడిగిన మాట నువ్వు పడలేదు, నేను పడ్డాను. ధరణి నన్ను చూసి నవ్వుతుంది. ఆ నవ్వు పోగొట్టుకోమని సొంత అక్క సలహా ఇస్తుందనుకోలేదు. నీకు మొదటి నుంచీ ఆంధ్రా సంబంధం ఇష్టం లేదేమో, అదైనా సూటిగా చెప్పు.

ఈ విషయం ఇక మన మధ్య రావద్దు. లగ్నం ఏప్రిల్‌లో పెట్టుకుంటామంటున్నారు. పత్రికల్లో నీ పేరు, బావ పేరు ముందు వేయిస్తాను.

భూపాల్


జనగామ,
డిసెంబర్ 1, 2024.

భూపాల్,

ఈసారి తమ్మీ అని రాయడానికి చెయ్యి రావడం లేదు.

నాయిన పదో రోజున నువ్వు కారెక్కి వెళ్ళాక ఏం జరిగిందో నీకు తెలియదు. ఎవరో ఒకరు వంకరగా చెప్పేలోపు నేనే చెబుతున్నాను. బావి కాడ అందరం ఉన్నాం. ఎంకన్న నీ తల తడిపి వెనక్కి చెయ్యి పెట్టాడో లేదో, నువ్వు అతని మణికట్టు పట్టుకుని లేచావు. అలర్జీ ఉంది, కత్తి పడదన్నావు. ఈ రోజుల్లో నాలుగు వెంట్రుకలు తీస్తే చాలని మీ మామగారు సర్దబోయారు. కర్మ చేయించే అయ్యగారు ఒప్పుకోలేదు. కర్త క్షౌరం కాకుండా పిండం ముట్టుకోకూడదని కచ్చితంగా చెప్పాడు. మన చిన్నాయిన వాళ్ళు నీకూ ధరణికీ వినపడేలాగే, పెండ్లాం వద్దన్నదేమో, గాళ్ళ దిక్కు గిట్లనే ఉంటదేమో అన్నారు. నువ్వు తల దించుకుని కారు వైపు నడిచావు. నీ వెనకే ధరణి, మీ అత్తమామలు.

నాయినకు నువ్వొక్కడివే కొడుకువి. అన్నం ముద్దలు ఆకుల మీద ఎండుతున్నాయి. అప్పుడు నేను వెళ్ళి ఎంకన్న ముందు కూర్చున్నాను. నా చేతులతోని గా పని చెయ్యనమ్మా అని ఎంకన్న కత్తి కింద పెట్టేశాడు. మీ బావ నా రెక్క పట్టి లేపబోయాడు.

"నేను బతికుండంగ నీకు గుండేంది? చూసినోళ్ళు నన్నేమనుకోవాలె?" అన్నాడు.

"పోయింది నా నాయిన. నువ్వేమనుకుంటవో ఇంటికి పొయ్యినంక అనుకో" అన్నాను.

ఎంకన్న ఏడుస్తూ గీశాడు. పిండాలు నేనే పెట్టాను. అయ్యగారు మొదట కుదరదన్నాడు, తర్వాత పొద్దుపోతోందని మంత్రం చెప్పాడు.

ఇప్పుడు బడికి కొంగు కప్పుకుని పోతున్నాను. హెడ్‌మిస్ట్రెస్ వనజ మేడం పక్కకు పిలిచి మీ ఆయనకేమైందని అడిగింది. మీ బావ నాతో మాట్లాడటం లేదు, వడ్డిస్తే తిని లేచిపోతున్నాడు. తీసేస్తే మళ్ళీ వస్తుందని నువ్వే రాశావు కదా. కన్నతండ్రి కోసం కొన్ని నెలల జుట్టు ఇవ్వలేకపోయావా? లేక చిన్నాయిన వాళ్ళన్నట్టు ధరణే వద్దందా? ఆమె మాట విని ఉంటే అదైనా చెప్పు, కనీసం ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలుస్తుంది.

భాగ్యక్క


ఉస్మానియా క్యాంపస్,
డిసెంబర్ 9, 2024.

అక్కా,

నీ ఉత్తరం చదివి డిపార్ట్‌మెంటులో గది తలుపు వేసుకుని కూర్చున్నాను. నువ్వంత పని చేస్తావని అనుకోలేదు. చేసి ఉండాల్సింది కాదు. మర్నాడో, ఆ పై రోజో నేనే ఏదో ఒక దారి చూసేవాణ్ణి. ఇప్పుడు ఊళ్ళో నేను తలెత్తుకునే వీలు లేకుండా చేశావు.

జుట్టు మీద ప్రేమ కాదక్కా, గీత. నా తల వెనక ఈ చెవి నుంచి ఆ చెవి దాకా కుట్ల గీత ఉంది. తెల్లగా, తాడులా. పైన జుట్టు ఉన్నంతకాలం కనపడదు, తల గొరిగితే దాక్కోదు. ఆ రోజు నా వెనక ధరణి, మామగారు, అత్తగారు నిలబడి ఉన్నారు. ఎంకన్న ఒక్క గీటు గీస్తే నా బతుకంతా వాళ్ళ ముందు పరిచినట్టయ్యేది. గుండుతో తిరగనక్కరలేదనే కదా నేను ఈ పద్ధతి ఎంచుకున్నది. మన ఇళ్ళల్లో ఒక రోజు గుండు చేయించుకోక తప్పదని డాక్టరు చెప్పలేదు, నాకూ తట్టలేదు. నాయిన ఉన్నాడు కదా, ఉంటాడనుకున్నాను.

ధరణికి ఏమీ తెలియదు. తలంటుతానంటే వద్దంటాను. తార్నాకలో ఒక్క మంగలిషాపుకే వెళ్తాను, మార్చను. నిద్రలో కూడా గోడకు వీపు పెట్టి పడుకుంటాను. రెండేళ్ళుగా ఇంత జాగ్రత్తగా ఉన్నవాణ్ణి నిమిషంలో ఎలా వదులుకోను?

ఒక్క సాయం చెయ్యి. చిన్నాయిన వాళ్ళు ధరణి వల్లనే అనుకుంటున్నారు కదా, అనుకోనీ. ఆమెకు వాళ్ళతో రోజూ పనేముంది? నువ్వు అవునని అనవద్దు, కాదని కూడా అనవద్దు. బావతో నేను తర్వాత మాట్లాడతాను.

నాయిన కలలోకి వస్తున్నాడు. ఏమీ అనడు, నా నెత్తి వైపు చూస్తాడు.

భూపాల్


జనగామ,
జూన్ 15, 2025.

భూపాల్,

నీ ఉత్తరం వచ్చి ఆర్నెల్లయింది. నువ్వడిగినట్టే అవుననలేదు, కాదనలేదు. నోరు మూసుకుని ఉన్నందుకు నా మీద నాకే అసహ్యం వేసింది. నెల నెలా మాసికం పెడుతున్నాను, ఒక్కదానికీ నువ్వు రాలేదు.

నిన్న ధరణి వచ్చింది, ఒక్కతే, బస్సులో. పెళ్ళి ఫోటోల కోసం చిన్నాయిన కూతుర్ని అడిగితే, వాటితో పాటు పదో రోజున తీసిన నా ఫోటో కూడా వచ్చిందట, గుండుతో ఉన్నది. అది చూసి వచ్చింది. నా జుట్టు ఇప్పుడు చెవుల దాకా కూడా లేదు. గుమ్మంలో నిలబడి నా తల వైపు చూసి చాలాసేపు లోపలికి రాలేదు.

చాయ్ పెట్టిచ్చాను. తాగకుండా పట్టుకుని కూర్చుంది. నీ సంగతి దాటవేయాలని నేను ఎండల గురించి, పిల్లల పరీక్షల గురించి ఏదేదో మాట్లాడాను. ఆమే ఆపింది.

"ఆ గీత సంగతి నాకు తెలుసు వదినా. పెళ్ళయిన వారంలోనే చేతికి తగిలింది. ఆయన నిద్రలో ఉన్నారు. ఎందుకు పడిందో కూడా కనుక్కున్నాను. ఆయనే చెబుతారులే, సిగ్గు పడుతున్నారని ఊరుకున్నాను" అంది.

తర్వాత ఆమె అన్న మాట నీకు ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

"జుట్టు లేకపోతే నాకేం వదినా? ఆ రోజు బావి దగ్గర నా వల్లే అన్నారు. ఆయన విన్నారు, నేను ఆయన పక్కనే ఉన్నాను. కాదని ఒక్క మాట అనలేదు. కారులో కూడా అనలేదు. ఇంటికెళ్ళాక అయినా అంటారేమోనని చూశాను."

ఏడవలేదు. ఏడిస్తే నాకు తేలికగా ఉండేది. పదో రోజు సంగతి రాసినప్పుడు నేనూ నిన్ను అదే అడిగాను, ధరణే వద్దందా అని. ఆ మాట ఆమెకు చెప్పి క్షమించమన్నాను. ఆమె నా తల మీద చెయ్యి వేసి, మెత్తగా వస్తోంది వదినా అంది.

రెండు నెలలుగా రామంతాపూర్‌లో పుట్టింట్లోనే ఉంటోందట, నువ్వు నాకు చెప్పనే లేదు. ఎవరి ముందు బయటపడతావని నాయినను ఎండుతున్న ముద్దల దగ్గర వదిలేసి పోయావో, ఆ మనిషికి మొదటి నుంచీ తెలుసు. మీ బావ నాతో మాట్లాడటానికి నాలుగు నెలలు పట్టింది. అదంతా దేనికో నువ్వే చెప్పు.

భాగ్య


తార్నాక,
అక్టోబర్ 19, 2025.

అక్కా,

నీ ఉత్తరానికి జవాబు రాయడానికి నాలుగు నెలలు పట్టింది. మొదట నువ్వే ధరణికి చెప్పేశావనుకున్నాను. తనకు ముందే తెలుసునని ఇద్దరూ కలిసి కథ అల్లారనుకున్నాను. రామంతాపూర్ వెళ్ళి అదే మాట ఆమెనూ అడిగాను. అడగకుండా ఉండాల్సింది. తలుపు వేయలేదు గానీ కూర్చోమని కూడా అనలేదు. కూతురు లోపలికి వెళ్ళిపోయాక పార్థసారథి గారే మంచినీళ్ళు ఇచ్చి పంపించారు.

పోయిన ఆదివారం గుండు చేయించుకున్నాను. ఎప్పుడూ వెళ్ళే షాపులోనే. ఇన్నాళ్ళూ అడగనివాడు, ఆపరేషనా సార్ అని అడిగాడు. అవునన్నాను. ఎవరైనా పోయారా అని కూడా అడిగాడు. నాయిన పోయాడన్నాను. ఎప్పుడని అడిగితే చెప్పలేకపోయాను. అద్దంలో గీత కనపడదు కదా, ఫోనుతో ఫోటో తీయించుకుని చూశాను. ఇంత సన్నటి దాని కోసమా అనిపించింది.

సోమవారం అలాగే క్యాంపస్‌కు వెళ్ళాను. క్లాసులో ఎవరూ కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. మా డిపార్ట్‌మెంటులో కాత్యాయని మేడం ఒక్కతే, తిరుపతి వెళ్ళొచ్చారా అని అడిగింది. అవునన్నాను.

వచ్చే నెల నాయిన ఏడాది మాసికం. ముందు రోజే వస్తాను. ఎంకన్నను ఉండమను, అందరి ముందూ మళ్ళీ గీయించుకుంటాను. పిండాలు నేను పెడతాను. కొడుకుగా నా పని నేను చేస్తాను అక్కా. చిన్నాయిన వాళ్ళకు కూడా నోరు మూతపడుతుంది.

నీ తమ్ముడు,
భూపాల్


జనగామ,
అక్టోబర్ 27, 2025.

భూపాల్,

నీ ఉత్తరం అందింది. గుండు చేయించుకున్నందుకు సంతోషించాలని ఎంతో ప్రయత్నించాను. కాత్యాయని మేడం దగ్గరకు వచ్చేసరికి ఉత్తరం మడిచి పెట్టేశాను. తిరుపతి ఎందుకన్నావు? నాయిన పోయాడని ఆమెకు చెప్పడానికి ఇప్పుడేం అడ్డం వచ్చింది?

చిన్నాయిన వాళ్ళ నోళ్ళు ఎప్పుడో మూతపడ్డాయి. మొన్న మాసికానికి వచ్చినప్పుడు అందరూ ఉండగా, ధరణి తప్పేమీ లేదని నేనే చెప్పాను. గీత గురించి చెప్పలేదు, అది నీది. ధరణికి కూడా కబురు చేశాను. వస్తానంది.

ఏడాది మాసికానికి కర్త ఎవరని అయ్యగారు అడిగాడు. కొడుకుండగా కూతురు కూర్చోకూడదని మళ్ళీ మొదలుపెట్టాడు. ఈసారి మీ బావే జవాబు చెప్పాడు, సంవత్సరం సంది ఆమెనే పెడుతున్నది, గిది గూడ ఆమెనే పెడతది అని. ఎంకన్నకు ఏ పనీ చెప్పలేదు, భోజనానికి మాత్రం పిలిచాను.

నువ్వు ముందు రోజు రానక్కరలేదు. పిండాలు పొద్దున్నే అయిపోతాయి. పదకొండున్నరకు విస్తళ్ళు వేస్తాం, ఆ వేళకు వచ్చి చుట్టాలతో పాటు కూర్చుని అన్నం తిని పో.

భాగ్య